ధాన్యసీమలో సంపూర్ణ శాకభోజనము

ఏలూరు కాలువగట్టుపై నిలిచి చూచినచో కనుచూపు మేరవరకు వరిచేలు కానవచ్చును. తాడేపల్లిగూడెము ప్రాంతపు మరలనుండి బియ్యము దూరప్రాంతములకు తరలిపోవుచున్నది. ఒకవైపు కొల్లేటి సరస్సు, దాని చుట్టును లంకగ్రామములు, చేపలచెరువులు. మరియొకవైపు చింతలపూడి, ద్వారకాతిరుమల మెట్టలలో మామిడి, నిమ్మ, కొబ్బరి తోటలు. ఇట్టి సీమలో ఆహారమును గురించి ప్రత్యేకముగా చెప్పవలసిన పని యేమున్నదని పలువురు తలంపవచ్చును.

అయినను ఒక విషయమును మనము దాచుకొనరాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి దాదాపు 59 మంది రక్తహీనతతో బాధపడుచుండిరి. ఆరునెలలు దాటి అయిదేండ్లు నిండని పిల్లలలో నూటికి దాదాపు 63 మంది స్థితియు అదియే. కడుపు నిండ అన్నమున్నచోట రక్తమునకు కొరత యేల వచ్చినది? నులిపురుగులు, తరచు కాన్పులు, ఋతుకాలమున అధిక రక్తస్రావము మొదలగు కారణములు కొన్ని కలవు. కాని ముఖ్యకారణములలో ఒకటి మన విస్తరిలోనే యున్నది. విస్తరి నిండియున్నది, అందు నిండినది అన్నము మాత్రమే.

చేపలు, గ్రుడ్లు తినువారు వానిని మానవలెనని ఈ వ్యాసము చెప్పుట లేదు. అవి మంచి ఆహారములే. అయితే ఆచారముచేత శాకాహారమునే భుజించు కుటుంబములు మన గ్రామములలో అనేకము కలవు. కార్తికమాసమునందును, వ్రతదినములందును, చేతిలో డబ్బు లేని దినములందును తక్కిన ఇండ్లలోను వండునది శాకాహారమే. కొల్లేటి చెరువులలో పెరిగిన చేపలలో అధికభాగము లారీలలో కలకత్తా మొదలగు దూరప్రాంతములకు పోవుచున్నది గాని, చెరువుగట్టున నివసించు కూలివాని ఇంటికి నిత్యము చేరుట లేదు. గావున శాకాహారము తనంతట తాను సంపూర్ణముగా నుండునట్లు వండుకొనుట ప్రతి ఇంటికిని అవసరము. అది ఖర్చుతో కూడిన విద్య కాదు. పప్పు, ఆకు, పులుపు అను మూడింటిని మరువకుండుటయే అందలి సారము.

బియ్యము నేర్పిన పాఠము

ఒకప్పుడు మన సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరుపొందిన ప్రాంతములు. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడి, ఒడలు నీరుపట్టి, తుదకు గుండె నిలిచిపోవు వ్యాధి యది. మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే దీనిని గురించి మద్రాసులో ఒక గ్రంథమును ప్రకటించెను. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ నీలగిరులలోని కూనూరునందు బెరిబెరి పరిశోధన కొరకు ఒక చిన్న శాఖను నెలకొల్పెను. ఆ శాఖయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. దేశమునకంతకును ఆహార నియమములను చెప్పు సంస్థ పుట్టుకకు, మన సర్కారు ప్రాంతమును పీడించిన వ్యాధియే మూలమగుట గమనింపదగినది.

ఆ వ్యాధికి కారణము బియ్యము కాదు. బియ్యమును మనము చూచుకొన్న తీరు. వరిగింజపై పొట్టు క్రింద పలుచని తవుడు పొర యుండును. బి-1 అను విటమిను అందే అధికముగా కలదు. మరలో తెల్లగా పాలిషు పట్టినపుడు అందు చాలభాగము తవుడుతో పోయి పశువులపాలగుచున్నది. మిగిలిన దానిలో కొంత, బియ్యమును పలుమార్లు పిసికి కడుగుటచేతను, మరికొంత గంజి వార్చి పారబోయుటచేతను పోవుచున్నది. తెల్లదనమునకై మనము మూడు పర్యాయములు నష్టపోవుచున్నాము.

ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అరుదు. ధాన్యమును నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి దంచినపుడు తవుడులోని విటమిను కొంత గింజలోనికి ఇంకి నిలిచిపోవుటయే అందుకు కారణము. మన జిల్లాల మరలలో ఉప్పుడు బియ్యము తయారై కేరళ మొదలగు ప్రాంతములకు పోవుచున్నది. మనము మాత్రము తెల్లని పచ్చిబియ్యమునే కోరుకొనుచున్నాము. మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో విడుదలైన స్వర్ణ మొదలగు రకములు గాదెలు నింపినవి. గాదె నిండిన పిమ్మట గింజలోని సారమును కాపాడుకొనుట గృహస్థుని వంతు. బెరిబెరి నేడు అరుదైనను ఆ పాఠము పాతబడలేదు.

కావున వీలైన ఇండ్లవారు దంపుడు బియ్యమును, లేదా తక్కువ పాలిషు పట్టిన బియ్యమును వాడుకొనవలెను. బియ్యమును రెండు మారులకు మించి కడుగరాదు. గంజి వార్చుటకు బదులు సరిపడు ఎసరుతో అత్తెసరు పెట్టుకొనుట మేలు. వార్చుట అలవాటైన ఇండ్లలో ఆ గంజిని చారులోనో పప్పులోనో కలుపవలెను; లేదా ఉప్పు, మజ్జిగ చేర్చి త్రాగవలెను.

భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుడు, ఆకులోని సత్వము

కొల్లేటికి తూర్పుననున్న భీమవరములో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు వైద్యవిద్య నభ్యసించి అమెరికాకు వెళ్ళిరి. ఆయన సోదరులు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే మరణించిరి. ఆయనయు యౌవనమున ఆ వ్యాధికి లోనై బయటపడిరి. ఆహారములోని సారము ఒంటబట్టక రక్తము క్షీణించు వ్యాధి యది. లెడర్లీ పరిశోధనాలయములో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగిరి. స్ప్రూకును, ఒక జాతి రక్తహీనతకును అది మందైనది. 1948లో సుబ్బారావుగారు న్యూయార్కులో దివంగతులైరి.

ఆ ఆమ్లమునకు ఆ పేరెట్లు వచ్చినది? లాటిను భాషలో ఆకు అను అర్థమునిచ్చు మాటనుండి వచ్చినది. 1941లో అమెరికాలోని మరికొందరు శాస్త్రజ్ఞులు దానిని పాలకూర జాతి ఆకులనుండి వేరుచేసి ఆ పేరు పెట్టిరి. నేడు మన గ్రామములలో గర్భిణీస్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు పంచు మాత్రలలో ఇనుముతోపాటు నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. మాత్రలోనున్న సత్వమే మన పెరటిలోని తోటకూర, బచ్చలి, మెంతికూరలలోను, పెసలు, శనగలు మొదలగు పప్పుధాన్యములలోను కలదు. మాత్రకు బదులు ఆకుకూర చాలునని దీని అర్థము కాదు. గర్భిణీ మాత్రను తప్పక మింగవలెను. ఆకుకూరను తప్పక తినవలెను.

ఈ సత్వము నీటిలో కరుగును. ఎక్కువసేపు మరిగించినచో నశించును. ఆకుకూరను ఉడికించి నీరు పిండి పారబోయు అలవాటు అందుచేతనే హానికరము. ఆకును ముందుగా కడిగి, పిమ్మట తరిగి, ఉడికిన పప్పులో చివర వేసి, మూతపెట్టి కొద్ది నిమిషములలో దింపవలెను.

విస్తరిలో ఏమేమి యుండవలెను?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, 2000 కేలరీల శక్తి అవసరమైన వ్యక్తికి ఒక దినమునకు కావలసిన పదార్థములను నిర్ణయించినది. బియ్యము, రాగులు, జొన్నలు మొదలగు ధాన్యములన్నియు కలిసి 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు. ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. వేరుశనగ, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు. నూనె, నెయ్యి 27 గ్రాములు. ఇవి వండకమునుపటి తూకములు. నాట్లు వేయువారు, బస్తాలు మోయువారు మొదలగు కఠినశ్రమ చేయువారికి ధాన్యము ఇంకను అధికముగా కావలెను.

నలుగురు పెద్దలున్న ఇంటికి ఈ లెక్కను అన్వయించి చూతము. ధాన్యము దినమునకు ఒక కిలో. ఇది మన ఇండ్లలో ఎటులైనను వండబడుచున్నది. పప్పు 340 గ్రాములు. ఇది పలు ఇండ్లలో అందులో సగమైనను ఉండుట లేదు. ఆకుకూరలు, కూరగాయలు కలిసి 1 కిలో 600 గ్రాములు. ఇక్కడ లోటు మరింత పెద్దది. పాలు, పెరుగు 1 లీటరు 200 మిల్లీలీటర్లు. పాడిలేని పేదకుటుంబమునకు ఇది భారమే. అంతయు ఒక్కమారుగా సాధ్యపడదని దిగులుపడనక్కరలేదు. ముందుగా పప్పును పెంచవలెను. పిమ్మట దినమునకొక ఆకుకూర చేర్చవలెను. ఆపై ఒక గిన్నెడు పెరుగు. ఇట్లు మెట్టుమీద మెట్టుగా పోవలెను.

పప్పునకు ఇంత ప్రాధాన్యమేల? శరీరము పెరుగుటకు, అరిగిన భాగములు బాగుపడుటకు మాంసకృత్తులు కావలెను. 100 గ్రాముల బియ్యములో అవి సుమారు 8 గ్రాములు మాత్రమే. కందిపప్పులో సుమారు 22 గ్రాములు. అంతేగాక బియ్యపు మాంసకృత్తులలో కొరవడిన భాగము పప్పులో కలదు. పప్పులో కొరవడినది బియ్యములో కలదు. రెండును కలిసినపుడు ఒకదాని లోటును మరియొకటి పూడ్చును. పప్పన్నము, పులగము, పెసరట్టుతో ఉప్మా మొదలగునవి మన పెద్దలు అనుభవముచేత కనుగొన్న సమతులాహారములే.

బి-12 అను విటమిను మాత్రము ధాన్యములందును, పప్పులందును, ఆకులందును ఉండదు. శాకాహారులకు అది పాలు, పెరుగు, మజ్జిగల వలననే లభించును. నీరు ఎక్కువై తెల్లని రంగు మాత్రము మిగిలిన మజ్జిగ వలన ప్రయోజనము స్వల్పము. పాలపదార్థములు బొత్తిగా లేని శాకాహారులు, ముఖ్యముగా వృద్ధులు, గర్భిణీలు వైద్యుని సలహా పొందుట మంచిది.

వంటయింటిలో పాటింపవలసిన నియమములు

పప్పును వండుటకు అరగంట ముందు నానబెట్టినచో త్వరగా ఉడుకును. వంటచెరకు గాని గ్యాసు గాని కలిసివచ్చును. త్వరగా ఉడుకుటకై వంటసోడా వేయుట తగదు. అది బి-1 విటమినును నశింపజేయును. పెసలు, శనగలు, అలసందలను రాత్రి నానబెట్టి మొలకలెత్తించినచో అందలి ఇనుము శరీరమునకు మరింత బాగుగా అందును.

ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. దానిని పట్టించునది పులుపులోని సి-విటమిను. నిమ్మ, ఉసిరి, జామ పండ్లలో అది సమృద్ధిగా కలదు. అయితే వేడిచేత అది నశించును గావున నిమ్మరసమును పొయ్యిమీద పోయరాదు. పప్పును దింపిన పిమ్మట గాని, విస్తరిలో గాని పిండుకొనవలెను. దెందులూరు, ఏలూరు ప్రాంతపు తోటలలో కాయు నిమ్మకాయ ఒక్కటి కుటుంబమునకంతకును ఒక పూటకు సరిపోవును. చింతపండు రుచినిచ్చును గాని ఈ పనికి నిమ్మకు సాటిరాదు.

భోజనమైన వెంటనే టీ, కాఫీలు త్రాగు అలవాటు దీనికి విరుద్ధమైనది. వానిలోని వగరు పదార్థములు ఇనుమును బంధించి శరీరమునకు దక్కనీయవు. భోజనమునకు ముందొక గంట, తరువాత ఒక గంట వానిని మానవలెను. రక్తహీనత గల స్త్రీలు ఈ ఒక్క నియమమును పాటించినను మేలు కలుగును.

ఇనుప మూకుడులో కూర వండినచో కొంత ఇనుము ఆహారములో చేరును. పులుపు గల కూరను వండిన వెంటనే వేరొక గిన్నెలోనికి తీయవలెను. గుమ్మడి, బొప్పాయి, మామిడి, మునగాకు వంటి వానిలోని ఎ-విటమిను కంటిచూపునకు రక్ష. దానిని శరీరము గ్రహించుటకు కొద్దిపాటి నూనె గాని నెయ్యి గాని అవసరము. కాని ఒకమారు మరిగిన నూనెను మరల మరల వేపుళ్ళకు వాడుట హానికరము.

ఊరగాయ మన సీమకు పేరు తెచ్చినదే. అయినను అందు ఉప్పు అధికము. అన్ని వంటకములలోను కలిసి మనిషికి దినమునకు 5 గ్రాముల ఉప్పు మించరాదని పోషకాహార నియమము. కూరలేని పూట ఊరగాయతో అన్నమంతయు తినుట రక్తపు పోటును కొనితెచ్చుకొనుట యగును. ఊరగాయ నంజుకొనుటకే గాని కలుపుకొనుటకు కాదు.

ఒక దినపు భోజనము

ఉదయము: పొట్టుతీయని పెసలతో వేసిన పెసరట్టు, అల్లపు పచ్చడి; లేదా మజ్జిగ కలిపిన రాగిజావ. రాగులలో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. ఎముకలకు, దంతములకు ఇది బలము. పొలమునకు పోవువారికి చద్దియన్నము, పెరుగు, ఉల్లిపాయ మంచి ఆహారమే.

మధ్యాహ్నము: అన్నము, ఆకుకూర పప్పు, బీర, దొండ, వంగ మొదలగు వానిలో ఒక కూర, నిమ్మచెక్క, పెరుగు.

సాయంకాలము: ఉడికించిన శనగలు లేక వేరుశనగలు, ఒక జామకాయ. పిల్లలకు నువ్వులు, బెల్లము కలిపిన ఉండ. అంగడిలో రంగుల పొట్లములలో అమ్ము చిరుతిండికి అయ్యెడు డబ్బు దీనికి చాలును.

రాత్రి: జొన్నరొట్టె లేక కొంచెము అన్నము, అలసందల కూర, గుమ్మడికాయ పులుసు, మజ్జిగ. మధుమేహము గలవారు అన్నపు పాలు తగ్గించి, పప్పు, కూరల పాలు పెంచుకొనవలెను.

ఆకుకూరను దినదినము మార్చుట మంచిది. సోమవారము తోటకూర, మంగళవారము మునగాకు, బుధవారము పాలకూర, గురువారము బచ్చలి, శుక్రవారము మెంతికూర, శనివారము పొన్నగంటి, ఆదివారము గోంగూర. ఇట్లు వారమంతయు గడచును. ఆషాఢమున మునగాకు తినవలెనను మన ఆచారమును ఏడాది పొడుగున పాటించినచో మరింత మేలు.

ఆరునెలలు నిండిన శిశువునకు తల్లిపాలతోపాటు మెత్తగా మెదిపిన పప్పన్నము, ఒక చుక్క నెయ్యి, ఉడికించి నలిపిన ఆకుకూర కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. పప్పుమీది తేట మాత్రము పోసి పప్పు పెట్టితిమని తృప్తిపడరాదు. బలము తేటలో కాదు, అడుగుననున్న పప్పులో కలదు.

కడిగి వండుట, నీటి జాగ్రత్త

2020 డిసెంబరు మొదటివారములో ఏలూరు పట్టణమున జరిగినది ఎవరును మరువలేదు. హఠాత్తుగా మూర్ఛలు వచ్చి అయిదువందలమందికి పైగా ఆసుపత్రిలో చేరిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థ పరీక్షలలో కొందరి రక్తమునందు సీసము, నికెల్ లోహములు కానవచ్చెను. క్రిమిసంహారక మందుల అవశేషములు ఆహారముద్వారా గాని నీటిద్వారా గాని చేరియుండవచ్చునని నిపుణులు అనుమానించిరి. ఆ సంఘటన మనకు నేర్పినది, కూర ఎంత మంచిదైనను దానితో వచ్చునదేమియో చూచుకొనవలెననియే.

కూరగాయలను తరుగకమునుపే ధారగా పోసిన నీటిలో కడుగవలెను. ఆకుకూరలను, కాలీఫ్లవరు, వంకాయ వంటి వానిని కొంతసేపు ఉప్పునీటిలో నుంచి, మరల మంచినీటిలో కడుగుట మేలు. మొక్క లోపలికి ఇంకిన మందు కడుగుటచేత పోదు. అందుచేత మందు చల్లిన పిమ్మట విరామకాలము గడువకుండ కోత కోయరాదని రైతులకు చెప్పవలెను. పురుగుమందు డబ్బాలను కాలువలలో కడుగరాదు. అవి ఖాళీయైన పిమ్మట ధాన్యమునకు గాని నీటికి గాని వాడరాదు. పొన్నగంటి కూర తడినేలలలో తానై మొలచునదే అయినను, పట్టణపు మురుగు ప్రవహించు కాలువల అంచున కోసినది వంటకు పనికిరాదు.

కొల్లేటి లంకలలో మంచినీటి ఇబ్బంది ప్రత్యేకమైనది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు సరస్సులో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. మార్గమున కలియు మురుగు, మందులు సరస్సులోనే చేరుచున్నవి. త్రాగుటకే గాక వంటకును పరీక్షింపబడిన నీటినే వాడవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేటి గ్రామములకును ముంపు తప్పలేదు. దారులు తెగిన దినములలో కూరగాయలు దొరకవు. ప్రతి ఇల్లాలును వానకాలమునకు ముందు నీడలో ఎండబెట్టిన మునగాకు పొడి, కందిపొడి, వడియములు, వేరుశనగలు తడి తగులని డబ్బాలలో నిలువచేసికొనుట వివేకము.

చివర తినువారి విస్తరి

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క విషయమును మరచినచో వ్యర్థము. మన ఇండ్లలో పురుషులు, పిల్లలు, అతిథులు తినిన పిమ్మట ఇల్లాలు తినును. అప్పటికి గిన్నెలో అన్నము మిగులును, పప్పు అడుగంటును, కూర అయిపోవును, పెరుగు మజ్జిగగా మారును. ఆమె ఊరగాయతో ముగించి లేచును. ఎవరును ఆమెను తినవద్దనలేదు. ఆమెకు మిగిలినదా యని అడిగినవారును లేరు. ఇట్లు ఏండ్ల తరబడి జరిగినచోట నూటికి 59 మంది స్త్రీలకు రక్తము తక్కువైనదనుటలో ఆశ్చర్యమేమున్నది? రక్తహీనత గల తల్లికి పుట్టు బిడ్డ తక్కువ బరువుతో పుట్టు ప్రమాదము కలదు. తల్లి విస్తరిలోని కొరత మరుసటి తరమునకు సంక్రమించుచున్నది.

దీనికి మందు ఖర్చులేనిది. వంట ముగిసిన వెంటనే ఇల్లాలి పాలు పప్పును, కూరను, పెరుగును వేరుగా తీసి మూతపెట్టవలెను. వీలైనచో అందరును ఒకేసారి కూర్చుండి భుజింపవలెను. ఈ మాటను ఇల్లాలికి చెప్పిన చాలదు. ఇంటి యజమానికి చెప్పవలెను. పంచాయతీ సభ్యులు తమ ఇంటినుండియే దీనిని ఆరంభించినచో గ్రామము వినును.

పంచాయతీ చేయదగిన పనులు

వంట ఇంటి వ్యవహారము, పంచాయతీకి సంబంధమేమని అనుకొనరాదు. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన 11వ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీశిశు సంక్షేమము, ప్రజాపంపిణీ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులను చేపట్టవచ్చును.

1. బడి భోజనమును చూచుట. దేశవ్యాప్త నియమముల ప్రకారము ప్రాథమిక తరగతుల పిల్లవానికి పూటకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ప్రాథమికోన్నత తరగతులవారికి 150, 30, 75 గ్రాములు ఉండవలెను. నెలకొకమారు సభ్యుడొకడు బడికి పోయి పిల్లలతో కూర్చుండి తినినచో పప్పు చిక్కదనము దానంతట అది తెలియును. వచ్చినవారికి లేదనకుండ అన్నము పెట్టి, గోదావరి లంకలలో ఆరాధ్యురాలైన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో మన రాష్ట్రమున ఈ పథకమునకు పెట్టబడినది. ఆ పేరునకు తగినట్లు వడ్డన జరుగవలెను.

2. మొక్కలు నాటించుట. బడి, అంగన్‌వాడీ, పంచాయతీ ఆవరణలలో మునగ, కరివేప, నిమ్మ, జామ, బొప్పాయి నాటించవలెను. స్థలములేని లంకగ్రామములలో గోనెసంచులలోను, పాతతొట్లలోను, ఎత్తైన మడులలోను తోటకూర, బచ్చలి పెంచవచ్చును. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు; మొక్కల విషయమున సలహాకు అటువంటి సంస్థ దగ్గరనుండుట మన అదృష్టము.

3. అపోహలను తొలగించుట. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 చేర్చిన గింజలు కలిపిన బియ్యము చౌకధరల దుకాణములలో పంచబడినపుడు, నీటిలో తేలిన ఆ గింజలను చూచి ప్లాస్టిక్ బియ్యమని పలు గ్రామములలో ఏరి పారవేసిరి. అవి బియ్యపు పిండితోనే చేసిన గింజలు. భీమవరపు బిడ్డ తయారుచేసి చూపిన సత్వమును భీమవరము చెంతనే చెత్తలో పోయుట న్యాయము కాదు.

4. నీటి పరీక్ష. బావులు, చెరువులు, కుళాయిల నీటిని వానకాలమునకు ముందును వెనుకను పరీక్ష చేయించి, ఫలితమును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను.

5. వంట ప్రదర్శనము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినమునాడు మహిళాసంఘముల చేత ఒక్క ఆకుకూర పప్పు, ఒక్క రాగిజావ అందరియెదుట వండించి రుచి చూపించుట పది ఉపన్యాసములకంటె మేలు. ఆ సభకు పురుషులను తప్పక పిలువవలెను.

వరిచేను పండించుటలో మన సీమ రైతు దేశమునకు మార్గదర్శకుడైనాడు. పండిన అన్నమునకు పప్పు, ఆకు, పులుపు తోడుచేసి, ఆ విస్తరిని ఇల్లాలి ముందుకూడ ఉంచినప్పుడే ఆ కష్టమునకు ఫలము. రాబోవు గ్రామసభ కార్యక్రమములో రోడ్లు, దీపములతోపాటు "మన ఊరి విస్తరి" అను ఒక అంశమును చేర్చుడు. ఆ రాత్రి ఇంటికి పోయి, భోజనమునకు కూర్చుండుటకు ముందు, పప్పుగిన్నెలో ఇంకను ఎంత మిగిలియున్నదో ఒకమారు చూడుడు.